పెరటి చెట్టు నుండి ఔషధం దాకా

"పెరటి చెట్టు వైద్యానికి పనికిరాదు" అని తెలుగువారి సామెత. "నీమ్ హకీమ్ ఖత్రా-ఎ-జాన్" అని ఉర్దూవారి సామెత. ఈ రెండవ దానిలోని 'నీమ్' వేపచెట్టు కాదు. సగమని అర్థమిచ్చే పారసీ పదం. కావున సగం నేర్చిన వైద్యుడు ప్రాణానికి ముప్పు అని దాని భావం. మొదటి సామెత మనకు దగ్గరగా ఉన్న దానిని చులకన చేసే స్వభావాన్ని ఎత్తిపొడుస్తున్నది. రెండవది తెలిసీ తెలియని జ్ఞానంతో సాహసించవద్దని హెచ్చరిస్తున్నది. సూక్ష్మజీవులను అణచగల క్రొత్త ఔషధాలు మొక్కలలో లభిస్తాయా అనే ప్రశ్నను విచారించేవారు ఈ రెండు సామెతలనూ చెరొక చేత పట్టుకొని నడవవలసి ఉన్నది. మొదటిది మరచినచో మంచి మందు చేజారిపోతుంది. రెండవది మరచినచో రోగి ప్రాణమే చేజారిపోతుంది.

మేము భాషాధ్యాపకులమే కాని రసాయన శాస్త్రజ్ఞులము కాము. అయినను ఈ విషయంలో భాషకు ఎంత పని ఉన్నదో ముందుముందు విద్యార్థులకే బోధపడగలదు.

క్రొత్త మందులు ఎందుకు?

1928లో లండనులోని సెయింట్ మేరీస్ ఆసుపత్రిలో అలెగ్జాండర్ ఫ్లెమింగ్ ఒక గాజు పాత్రలో బూజు పెరిగినచోట చుట్టూ బాక్టీరియా నశించి ఉండటాన్ని గమనించినారు. ఆ బూజు నుండి పుట్టినదే పెన్సిలిన్. 1943లో అమెరికాలో వాక్స్‌మన్ ప్రయోగశాలలో, ఆల్బర్ట్ షాట్జ్ చేతుల మీదుగా, నేలలోని ఒక సూక్ష్మజీవి నుండి స్ట్రెప్టోమైసిన్ వెలువడినది. క్షయకు అది తొలి గట్టి మందు. భీమవరంలో 1895లో జన్మించిన యల్లాప్రగడ సుబ్బారావు గారు అమెరికాలోని లెడర్లీ సంస్థలో పరిశోధనలకు నాయకత్వం వహించిన కాలంలోనే అక్కడి శాస్త్రజ్ఞుడు బెంజమిన్ డగ్గర్ మరొక నేల సూక్ష్మజీవి నుండి ఆరియోమైసిన్‌ను కనుగొన్నారు. అది లోకానికి వెల్లడైన 1948లోనే సుబ్బారావు గారు కన్నుమూసినారు.

ఈ మందులు కోట్ల ప్రాణాలను నిలబెట్టినవి. కాని సూక్ష్మజీవులు చేతులు కట్టుకొని కూర్చుండలేదు. కొన్ని బాక్టీరియాలు మందును ముక్కలు చేసే ఎంజైములను తయారుచేసుకొన్నవి. కొన్ని మందు తగులుకొనే చోటును మార్చుకొన్నవి. మరికొన్ని లోనికి వచ్చిన మందును వెంటనే బయటికి తోడివేసే పంపులవంటి ఏర్పాట్లను కణపు పొరలో పెంచుకొన్నవి. దీనినే నిరోధకత అంటున్నాము. చాలీచాలని మోతాదులో పెన్సిలిన్ వాడినచో ఈ ప్రమాదం తప్పదని ఫ్లెమింగ్ 1945లో నోబెల్ బహుమానం అందుకొన్నప్పుడే హెచ్చరించినారు. 2019వ సంవత్సరంలో నిరోధకత గల బాక్టీరియాల వలన నేరుగా మరణించినవారు ప్రపంచంలో సుమారు 12 లక్షల 70 వేలమంది అని 2022లో ప్రచురితమైన ఒక పెద్ద అధ్యయనం అంచనా వేసినది. పాత మందులు మొద్దుబారుతున్నవి; క్రొత్తవి తగినంత వేగంగా రావడం లేదు. పరిశోధకుల చూపు మరల మొక్కలవైపు మళ్ళడానికి కారణమిదే.

మొక్కలలో ఏమున్నది?

పైన చెప్పిన మందులన్నీ బూజుల నుండి, నేలలోని సూక్ష్మజీవుల నుండి వచ్చినవే కాని మొక్కల నుండి వచ్చినవి కావు. ఈ నిజాన్ని దాచి మొక్కలను పొగడటం న్యాయం కాదు. అయితే మొక్కలకు కూడ శత్రువులున్నారు. మొక్క పారిపోలేదు, మన రక్తంలో తిరిగే తెల్లకణాలవంటి రక్షకభటులు దానికి లేరు. అందుచేత అది తన ఆకులోను, బెరడులోను, వేరులోను రసాయనాలను నిలువచేసుకొంటుంది. వెల్లుల్లి ఇందుకు చక్కని దృష్టాంతం. చెక్కుచెదరని వెల్లుల్లి రెబ్బకు ఘాటు వాసన ఉండదు. దంచినప్పుడు విడివిడిగా ఉన్న రెండు పదార్థాలు కలిసి అల్లిసిన్ ఏర్పడుతుంది. బాక్టీరియాను అణచే ఈ పదార్థాన్ని 1944లో కావల్లిటో, బెయిలీ అనే శాస్త్రజ్ఞులు వేరుచేసినారు. వేడిచేసినచో అది త్వరగా చెడిపోతుంది. కావున ఒకే వెల్లుల్లి పచ్చిగా దంచినప్పుడు ఒక విధంగాను, ఉడికించినప్పుడు మరొక విధంగాను ప్రవర్తిస్తుంది.

ఇంతకంటె ఆశ్చర్యకరమైనది దారుహరిద్ర జాతి మొక్కల కథ. వాటిలో బెర్బెరిన్ అనే పచ్చని ఆల్కలాయిడ్ ఉన్నది. బాక్టీరియా మీద దాని శక్తి స్వల్పం. ఎందుకనగా స్టాఫిలోకోకస్ వంటి బాక్టీరియా దానిని తన పంపుతో బయటికి తోడివేస్తుంది. 2000వ సంవత్సరంలో అమెరికా పరిశోధకులు ఈ జాతిలోని కొన్ని మొక్కలలో మరొక పదార్థాన్ని గుర్తించినారు. దానికి తనంత తానుగా బాక్టీరియాను చంపే శక్తి లేదు. కాని అది ఆ పంపును మూసివేస్తుంది. అప్పుడు బెర్బెరిన్ లోపల నిలిచి పనిచేస్తుంది. అనగా ఆ మొక్క ఆయుధాన్నీ, శత్రువు డాలును తొలగించే ఉపాయాన్నీ కలిపి సిద్ధం చేసుకొన్నది. మొక్కల నుండి మనకు దొరకవలసినది ఎప్పుడూ క్రొత్త పెన్సిలినే కానక్కరలేదు. మొద్దుబారిన పాత మందుకు పదును పెట్టే తోడు దొరికినను మేలే.

మూడు మొక్కల చరిత్ర

సూక్ష్మజీవులతో పోరాడిన మొక్కల చరిత్రలో మూడు ఘట్టాలు విద్యార్థులు తప్పక తెలుసుకోదగినవి.

మొదటిది సింకోనా. దక్షిణ అమెరికాలోని ఆండీస్ పర్వతాలలో పెరిగే ఈ చెట్టు బెరడు చలిజ్వరానికి మందుగా 17వ శతాబ్దంలో ఐరోపాకు చేరినది. ఒక్కొక్క చెట్టు బెరడులో సత్తువ ఒక్కొక్క విధంగా ఉండేది. 1820లో ఫ్రాన్సులో పెల్లెటియే, కావంతూ అనే ఇద్దరు దాని నుండి క్వినైన్‌ను వేరుచేసిన తరువాతనే కొలిచిన మోతాదు సాధ్యమైనది. వింత ఏమనగా, మలేరియా క్రిమిని రోగి రక్తంలో లావెరాన్ చూచినది 1880లో. దోమ కడుపులో దానిని రోనాల్డ్ రాస్ మన సికింద్రాబాదులో చూచినది 1897 ఆగస్టు 20న. వ్యాధి కారణం తెలియక పూర్వమే మందు వాడుకలో ఉన్నదన్నమాట. కావున అనుభవజ్ఞానాన్ని తేలికగా త్రోసివేయరాదు.

రెండవది కుష్ఠువ్యాధికి వాడిన చాల్‌మోగ్రా జాతి నూనె. ఈ జాతి చెట్టునే సుశ్రుత సంహిత తువరకం అన్నది. ఆ నూనె త్రాగితే వాంతి అయ్యేది. సూదితో ఎక్కిస్తే గడ్డలు కట్టేది. 1915 ప్రాంతంలో హవాయిలో ఆలిస్ బాల్ అనే నల్లజాతి యువతి దానిని శరీరంలో ఇంకే రూపానికి మార్చే పద్ధతిని కనిపెట్టినది. 1916లో, 24 ఏళ్ళ వయస్సులోనే, ఆమె మరణించినది. మన నిజామాబాదు జిల్లా డిచ్‌పల్లిలో స్కాట్లండు వైద్యురాలు ఐసబెల్ కెర్ నెలకొల్పిన కుష్ఠు వైద్యశాలలో కూడ ఈ జాతి నూనెతోనే చికిత్స జరిగినది. కొందరికి మేలు కలిగినది. చాలమందికి వ్యాధి తిరుగబెట్టినది. 1941లో అమెరికాలో సల్ఫోను మందుల ప్రయోగం ఫలించిన తరువాత ఆ నూనె క్రమంగా తెరమరుగైనది. 1981 నుండి ప్రపంచ ఆరోగ్య సంస్థ సూచించిన బహుళ ఔషధ చికిత్స కుష్ఠును నయమయ్యే వ్యాధిగా మార్చినది. దీని నుండి నేర్వవలసినది ఏమి? ప్రాచీన గ్రంథంలో ఉన్నంత మాత్రాన, భక్తిశ్రద్ధలతో వాడినంత మాత్రాన మందు గట్టిదని తేలదు. మేలైనది వచ్చినప్పుడు పాతదానిని వదలగలగడం కూడ శాస్త్రమే.

మూడవది చీనా దేశపు చింగ్‌హావ్ మొక్క. 1967లో చీనా ప్రభుత్వం మలేరియా మందు కొరకు ఒక రహస్య పరిశోధనను ఆరంభించినది. అందులో పాల్గొన్న తూ యూయూ అనే శాస్త్రవేత్త ప్రాచీన వైద్య గ్రంథాలను, వృద్ధ వైద్యుల యోగాలను సేకరించి, వందలకొలది సారాలను పరీక్షించినది. చింగ్‌హావ్ సారం ఒకసారి పనిచేసినది, మరొకసారి విఫలమైనది. అప్పుడామె నాల్గవ శతాబ్దపు వైద్యుడు గె హోంగ్ గ్రంథాన్ని మరల చదివినది. అందులో ఆ మొక్కను నీటిలో నానబెట్టి పిండి రసం త్రాగమని ఉన్నదే కాని కాచమని లేదు. వేడి వలన గుణం పోతున్నదేమో అని ఊహించి, తక్కువ వేడికే మరిగే ఈథరుతో సారం తీసినది. 1971 అక్టోబరు 4న 191వ నమూనా ఎలుకలలోని మలేరియా క్రిములను పూర్తిగా నిర్మూలించినది. రోగులకు ఇవ్వడానికి ముందు ఆమెయు, సహచరులును తమపైననే దానిని పరీక్షించుకొన్నారు. 1972లో వేరుచేయబడిన ఆ పదార్థమే ఆర్టెమిసినిన్. 2015లో ఆమెకు నోబెల్ బహుమానం లభించినది.

ఈ చరిత్రలో ఒక గ్రంథవాక్యాన్ని శ్రద్ధగా చదవడం లక్షల ప్రాణాలను కాపాడినదని సాహిత్య విద్యార్థులు గమనింతురు గాక. అయితే కథ అక్కడ ముగియలేదు. ఆ మందును ఒంటరిగా వాడినచో నిరోధకత పుడుతుందని మరొక మందుతో కలిపి ఇవ్వవలసినదిగా ప్రపంచ ఆరోగ్య సంస్థ నిర్దేశించినది. అయినను 2008, 2009 ప్రాంతంలో కంబోడియా పశ్చిమ భాగంలో నిరోధకత బయటపడినది. ఆ మొక్క ఆకును టీవలె కాచి త్రాగడాన్ని కూడ ఆ సంస్థ సమ్మతించలేదు. కషాయంలో మందు ఎంత ఉన్నదో తెలియదు. తక్కువైనచో రోగి ఆరోగ్యమూ కుదుటపడదు, క్రిమియు మొండికెత్తుతుంది.

పేరులో పెన్నిధి, పేరులో ప్రమాదం

ఇక భాష సంగతి. వేపచెట్టు శాస్త్రీయ నామం అజాడిరక్టా ఇండికా. ఇది పారసీలోని 'ఆజాద్ దరఖ్త్' అనే మాటకు లాటిను రూపం. హిందూదేశపు స్వేచ్ఛా వృక్షమని దాని అర్థం. మన పెరటి చెట్టు పేరులో పారసీ, లాటిను భాషలు ఇట్లా చేతులు కలిపినవి. దాని రసాయన పరిశోధనకు ఆద్యులలో ఒకరు సలీముజ్జమాన్ సిద్దీఖీ గారు. 1897లో జన్మించిన ఆయన ఢిల్లీ తిబ్బియా కళాశాలలో హకీం అజ్మల్ ఖాన్ గారి ప్రోత్సాహంతో పనిచేసి, సర్పగంధి వేరు నుండి 1931లో ఒక ఆల్కలాయిడ్‌ను వేరుచేసి, తన పోషకుని పేరిట దానికి అజ్మలిన్ అని నామకరణం చేసినారు. 1942లో వేపనూనె నుండి నింబిన్ మొదలైన చేదు పదార్థాలను వెలికితీసినారు. హకీముల గ్రంథమును, రసాయన శాస్త్రజ్ఞుని గాజునాళికను ఒకే బల్లమీద చేర్చిన మహనీయుడాయన.

పేర్లు ఎంత ఉపకరిస్తాయో అంత మోసమూ చేస్తాయి. బ్రహ్మి అంటే ఒకచోట ఒక మొక్క, మరొకచోట సరస్వతి ఆకు. దారుహరిద్రను తెలుగులో మానుపసుపు అంటాము. యునానీ గ్రంథాలు దార్‌హల్ద్ అంటాయి. ఉత్తరదేశంలో ఆ పేరుతో అమ్మేది హిమాలయాల ముండ్లపొద. దక్షిణదేశపు అంగళ్ళలో అమ్మేది పడమటి కనుమల తీగ. అదృష్టవశాత్తు రెండింటిలోను బెర్బెరిన్ ఉన్నది. కాని అదృష్టం ప్రతిసారీ తోడురాదు. 1990ల ఆరంభంలో బెల్జియం దేశంలో బరువు తగ్గడానికి ఇచ్చిన ఒక చీనా మూలికల చూర్ణంలో, పేర్లు దగ్గరగా ఉండటం వలన, ఒక మొక్కకు బదులు అరిస్టొలోకియా జాతి మొక్క చేరినది. నూరుమందికి పైగా స్త్రీల మూత్రపిండాలు దెబ్బతిన్నవి. మన ప్రాంతపు ఈశ్వరి తీగ ఆ జాతిదే. మొక్క నుండి వచ్చినది కావున హాని చేయదనే మాట ఎంత అసత్యమో ఇది చాటుతున్నది. వేపనూనెను పసిపిల్లలకు త్రాగించగా ప్రాణాపాయం కలిగిన ఉదంతాలు కూడ వైద్య పత్రికలకు ఎక్కినవి.

ప్రయోగశాలలో పరీక్ష

సారం తీయడం మొదటి మెట్టు. ఎండిన ఆకును పొడిచేసి నీటిలోనో, ఆల్కహాలులోనో, హెక్సేనులోనో నానబెడతారు. నీటిలో కరిగేవి నీటిలోకి, నూనె స్వభావం గలవి హెక్సేనులోకి దిగుతాయి. కావున "తులసి సారం" అంటే చాలదు. దేనితో తీసిన సారమో చెప్పవలెను.

తరువాత అగారు పరచిన పాత్రలో బాక్టీరియాను పూసి, సారంలో తడిపిన చిన్న కాగితపు బిళ్ళను ఉంచుతారు. మరునాడు బిళ్ళ చుట్టూ బాక్టీరియా పెరగని వలయం కనిపిస్తే దాని అడ్డుకొలతను మిల్లీమీటర్లలో తీస్తారు. ప్రక్కనే రెండు బిళ్ళలు తప్పక ఉండవలెను: ఒకదానిలో సారం లేని ద్రవం మాత్రమే, మరొకదానిలో తెలిసిన యాంటిబయాటిక్. మొదటిది లేనిచో బాక్టీరియాను చంపినది ఆకా, ఆల్కహాలా అన్నది తేలదు. వలయం పెద్దదైనంత మాత్రాన మందు గొప్పదని కూడ కాదు. నూనెవంటి పదార్థం అగారులో బాగా వ్యాపించదు, తేలికైనది దూరం ప్రాకుతుంది. అందుచేత సారాన్ని సగానికి సగం పలుచన చేసుకొంటూ పోయి, బాక్టీరియా పెరుగుదలను ఆపగల అతి తక్కువ గాఢతను కనుగొంటారు. దీనిని కనిష్ఠ నిరోధక గాఢత అంటారు.

ఈ సంఖ్యను ఎట్లా చదవవలెనో ఒక లెక్కతో చూతము. ఒక సారం మిల్లీలీటరుకు 5 మిల్లీగ్రాముల గాఢతలో బాక్టీరియాను ఆపినదనుకొందము. పెద్దవారి రక్తంలోని ద్రవభాగం సుమారు 3 లీటర్లు, అనగా 3,000 మిల్లీలీటర్లు. ఆ గాఢత రక్తంలో నిలవడానికే 15 గ్రాముల సారం ఒక్కసారిగా రక్తంలో ఉండవలెను. కడుపులో చెడిపోయేది, కాలేయం విరిచివేసేది, కండరాలలోకి పోయేది దీనికి అదనం. నిజమైన యాంటిబయాటిక్‌లు సాధారణంగా మిల్లీలీటరుకు కొద్ది మైక్రోగ్రాములతోనే, అనగా ఇందులో వెయ్యవ వంతు పరిమాణంతోనే పనిచేస్తాయి. గాజుపాత్రలో ఉప్పు కూడ బాక్టీరియాను చంపుతుంది. నిప్పు కూడ చంపుతుంది. బాక్టీరియాను చంపి మన కణాలను విడిచిపెట్టేదే ఔషధం.

ఆ తరువాత ఏ పదార్థం వలన గుణం వచ్చినదో వేరుచేయుట, జంతువులలో విషలక్షణ పరీక్ష, అనంతరం మనుషులలో అంచెలంచెలుగా పరీక్షలు. ఎక్కువ సారాలు ఈ మెట్లమీదనే ఆగిపోతాయి. నింబిన్ వెలువడి ఎనిమిది దశాబ్దాలు దాటినను, వేప నుండి లోనికి తీసుకొనే యాంటిబయాటిక్ ఒక్కటి కూడ ఆధునిక వైద్యంలో స్థిరపడలేదు. ఇది వేపకు అవమానం కాదు. పని ఎంత కఠినమో చెప్పే కొలమానం.

మన కళాశాల చేయదగినది

1995లో పసుపుతో గాయం మాన్పే పద్ధతిపై అమెరికాలో ఒక విశ్వవిద్యాలయానికి పేటెంటు లభించినది. మన దేశపు శాస్త్రీయ పారిశ్రామిక పరిశోధన మండలి దానిని సవాలు చేసి 32 లిఖిత ఆధారాలను సమర్పించినది. అవి సంస్కృతం, ఉర్దూ, హిందీ మొదలైన భాషలలోనివి; కొన్ని నూరేళ్ళకు పైబడినవి. 1997లో ఆ పేటెంటు రద్దయినది. వ్రాసిపెట్టిన అక్షరమే అక్కడ సాక్ష్యమైనది. 2001లో ఆరంభమైన సంప్రదాయ విజ్ఞాన డిజిటల్ గ్రంథాలయంలో ఆయుర్వేదంతోపాటు అరబ్బీ, పారసీ, ఉర్దూ భాషలలోని యునానీ యోగాలను కూడ చేర్చినారు.

తెలుగును, ఉర్దూను ఒకే ఆవరణలో చదువుకొంటున్న మన విద్యార్థులకు ఇందులో ప్రత్యేకమైన పాత్ర ఉన్నదని మేము విశ్వసిస్తున్నాము. క్రొత్త మందును కనుగొనే ప్రయోగశాల మనకు లేకపోవచ్చును. కాని మొదటి మెట్టు మన అందుబాటులోనే ఉన్నది. పరిసరాలలోని ఏబది మొక్కలను తీసుకొని, ఒక్కొక్క దాని తెలుగు పేరు, ఉర్దూ పేరు, యునానీ గ్రంథనామం, శాస్త్రీయ నామం, వాడే భాగం, పచ్చిగా వాడుదురా కాచి వాడుదురా అన్న వివరం వరుసగా వ్రాసి, ప్రక్కన పూవుతో సహా ఎండబెట్టిన కొమ్మను అతికించి పట్టిక తయారుచేయవచ్చును. వృక్షశాస్త్ర శాఖ గుర్తింపును, తెలుగు ఉర్దూ శాఖలు పేర్లను చూచుకొనగలవు. ఇందుకు కావలసినవి దళసరి కాగితాలు, ఒక బీరువా, ఓపిక. కళాశాల యాజమాన్య సంఘం వారు ఈ స్వల్ప వ్యయాన్ని సమకూర్చవలసినదిగా ప్రార్థిస్తున్నాము. ఇంటిలోని నానమ్మలకు, అమ్మమ్మలకు తెలిసినది వారితోనే పోకముందే వ్రాసికొనుట మంచిది.

విద్యార్థులకు మరొక్క మాట. పట్టికలో వ్రాయుట వేరు, రోగికి త్రాగించుట వేరు. ఇంటిలో ఎవరికైనను క్షయ సోకినను, జ్వరం విడువకున్నను ఆకురసంతో కాలయాపన చేయక వైద్యుని వద్దకు తీసుకొనిపోవలెను. ఆయన ఇచ్చిన మాత్రలను, ఒంట్లో తేలికపడినదని నడుమ మానక, చెప్పినన్ని దినాలు వాడించవలెను. ఉన్న మందుల పదును కాపాడుకొనుట క్రొత్త మందును వెదకుటకంటె తక్కువ సేవ కాదు. పెరటి చెట్టును గౌరవింతము, దానిని ప్రశ్నింతము. అది ఇచ్చే జవాబును కొలిచిన పిమ్మటనే నమ్ముదము.